క్యారవాన్‌ను రైలెక్కించే ముందు టేపు తీయండి

"కాగితం మీద రాసిన వెడల్పు కాగితానిదేరా. బండిది బండినే అడగాలి."

మా ఇంటి ముందు నిలబెట్టిన క్యారవాన్ చుట్టూ రెండుసార్లు తిరిగి నాన్న అన్న మాట ఇది. ఆర్టీసీలో ముప్ఫై ఏళ్లు బస్సు నడిపి రిటైరయ్యారాయన. ఒంగోలు నుంచి ఇంగ్లండ్‌లో రీడింగ్‌లోని మా ఇంటికి వచ్చి అప్పటికి మూడు వారాలైంది. వచ్చిన రోజు నుంచీ ఏ పనికి లేచినా "మీరు కూర్చోండి నాన్నా, నేను చూసుకుంటాను" అనడం నాకు అలవాటైపోయింది. ఆ రోజూ అదే అన్నాను. రెండు రోజుల తర్వాత ఆయన మాటే నెగ్గింది.

సెలవుల్లో ఫ్రాన్స్‌లో క్యారవాన్‌తో తిరగాలని మా పిల్లల కోరిక. నాన్నతో కలిపి ఐదుగురం. అందరికీ పడక కావాలని సెకండ్‌హ్యాండ్‌లో ఎనిమిదడుగుల వెడల్పు రకం కొన్నాం. ఇక్కడ మామూలు క్యారవాన్లు 2.2 నుంచి 2.3 మీటర్ల వెడల్పు ఉంటాయి. ఎనిమిదడుగులవి దాదాపు 2.45 మీటర్లు. లోపల హాయిగా ఉంటుంది కానీ, రోడ్డు మీద ఆ కాస్త తేడా చాలా పెద్దది.

ఓడలో కాకుండా ఫోక్‌స్టోన్ దగ్గర కారునూ క్యారవాన్‌నూ కలిపి రైలెక్కించి కలేలో దిగుదామనుకున్నాం. ఆ సొరంగం 1994 మే 6న ప్రారంభమైంది. దాదాపు 50 కిలోమీటర్ల పొడవులో 38 కిలోమీటర్లు సముద్రం కిందే. ప్రయాణం 35 నిమిషాలు. "కొంకణ్ రైల్వేలో లారీలను రైలెక్కిస్తారు, అలాంటిదేనా?" అని నాన్న అడిగారు. 1999 నుంచి అక్కడ లారీలు తెరిచి ఉండే బల్లపరుపు వ్యాగన్ల మీద వెళ్తున్నాయి. ఇక్కడ మాత్రం మన బండి నాలుగు వైపులా మూసి ఉన్న పెట్టెలోకి వెళ్లాలి. ఆ పెట్టెలు మామూలు రైలు పెట్టెల కన్నా పెద్దవి. అందుకే అవి ఈ రెండు స్టేషన్ల మధ్యే తిరుగుతాయి, మిగతా రైలు మార్గాల్లో పట్టవు. అయినా లోపల రెండు వైపులా గట్లు ఉంటాయి కాబట్టి చక్రాలకు దొరికే దారి పరిమితమే.

బుకింగ్‌లో నేను అమ్మినాయన ఇచ్చిన కాగితం చూసి 2.30 మీటర్లని చెప్పాను. నాన్న ఊరుకోలేదు. మా అబ్బాయిని వెంటబెట్టుకుని దారానికి ఒక బోల్టు కట్టారు. క్యారవాన్‌కు ఒక పక్క అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చిన చోటు నుంచి ఆ దారం వేలాడదీసి, బోల్టు ఆగిన చోట నేల మీద సుద్దముక్కతో గీత పెట్టించారు. రెండో పక్కా అంతే. ఆ రెండు గీతల మధ్య టేపు పట్టారు. 2.47 మీటర్లు! అమ్మినాయన కాగితంలో ఉన్నది వేరే మోడల్ కొలత. పైగా అది ఒట్టి గోడల మధ్య కొలత. గుడారం తగిలించే పట్టీలూ, పట్టుకునే పిడులూ అందులో లేవు.

పదిహేడు సెంటీమీటర్ల తేడా. ఆఫీసులో ఎవరైనా సరిచూడని డేటాను ఇలా ఎక్కిస్తే నేనే వెనక్కి పంపేస్తాను. ఇంట్లో ఆ పని నేనే చేశాను. వెంటనే ఫోన్ చేసి అసలు కొలత చెప్పాను. వాళ్లు బుకింగ్ సరిచేసి, చెకిన్ దగ్గర మరోసారి చెప్పమన్నారు. అంతే! ఈ ఫోన్ చేయకుండా వెళ్లి ఉంటే రైలు ముందు ఐదుగురం ఏ మొహంతో నిలబడేవాళ్లమో!

బ్రిటన్‌లో కారు లాగే క్యారవాన్ 2.55 మీటర్ల వెడల్పు వరకు ఉండొచ్చు. రోడ్డు మీద చెల్లిన వెడల్పు రైల్లోనూ చెల్లుతుందని అనుకోకూడదు.

ఫోక్‌స్టోన్‌లోనే ఫ్రాన్స్ సరిహద్దు పోలీసులు పాస్‌పోర్టులు చూస్తారు. మావి బ్రిటిష్ పాస్‌పోర్టులు, నాన్నది భారతీయ పాస్‌పోర్టు. బ్రిటన్ విజిటర్ వీసా ఫ్రాన్స్‌కు పనికిరాదు కాబట్టి ఆయనకు ముందే షెంగెన్ వీసా తీసుకున్నాం. మా ఆవిడ కట్టిన నెయ్యి డబ్బా మాత్రం ఇంట్లోనే ఆగిపోయింది. బ్రిటన్ నుంచి ఈయూ దేశాల్లోకి పాల పదార్థాలు, మాంసం తీసుకెళ్లనివ్వరు. "నెయ్యి లేకుండా కందిపొడి ఎలా తింటారు మామయ్యగారూ?" అని ఆమె బాధ.

రైలెక్కే ముందు గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయాలి. గ్యాస్‌తో నడిచే ఫ్రిజ్ కూడా ఆపేయాలి. సిబ్బంది వచ్చి చూస్తారు. ఎత్తున్న బండ్లకు ఒకే అంతస్తు పెట్టెలు వేరుగా ఉంటాయి. రైలు పక్క నుంచి మలుపు తిరిగి అందులోకి ఎక్కాలి. అసలు పరీక్ష ఆ మలుపే. కారు దాటేసిన మూలను వెనకున్న క్యారవాన్ కోసుకుంటూ వస్తుంది.

నేను అక్కడ ఆగి, మూడు వారాల్లో మొదటిసారి, "నాన్నా, ఎడమ పక్క మీరు చూడండి" అన్నాను.

ఆయన కిటికీ అద్దం దించి వెనక్కి తిరిగారు. గొంతు మారిపోయింది. "రానీ... రానీ... ఆగు. స్టీరింగ్ అప్పుడే తిప్పకు. ఇంకొంచెం ముందుకు పోనీ. ఇప్పుడు తిప్పు." చిన్నప్పుడు బస్సులో డ్రైవర్ సీటు వెనక నిలబడి విన్న గొంతే అది. క్యారవాన్ చక్రం గట్టుకు రెండు వేళ్ల దూరంలో జారుకుంటూ లోపలికొచ్చింది. టైరు గీసుకోలేదు. ముందు నిలబడ్డ ఉద్యోగి బొటనవేలెత్తి చూపిస్తే నాన్న అచ్చం అలాగే చూపించారు. వెనక సీట్లో పిల్లలు చప్పట్లు.

ఇంజిన్ ఆపి, హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరులో ఉంచాం. పెట్టెల మధ్య తలుపులు మూసుకున్నాయి. ప్రయాణంలో క్యారవాన్‌లో కూర్చోకూడదు. చెవులు కాస్త మూసుకుపోవడం తప్ప సముద్రం కింద ఉన్నామని తెలియనే లేదు. ఫ్రాన్స్‌లో గడియారం ఒక గంట ముందు, బండి నడిపేది కుడి పక్కన. మన బ్రిటన్ కారులో డ్రైవర్ కూడా కుడి పక్కే కాబట్టి, ముందున్న లారీని దాటాలంటే ఎదురు బండి ముందుగా కనిపించేది ఎడమ సీట్లో ఉన్నవాళ్లకే. వారం రోజులూ ఆ సీటు నాన్నదే. ఆయన సరే అంటేనే దాటాను.

మీరూ వెళ్లాలనుకుంటే ఈ నాలుగూ గుర్తుంచుకోండి. బయటికి పొడుచుకొచ్చే భాగాలతో సహా వెడల్పు, ఎత్తు, పొడవు మీరే కొలవండి. ఆ కొలత చెప్పి, సరేనన్నాకే డబ్బు కట్టండి. కారు కన్నా క్యారవాన్ వెడల్పు కాబట్టి అదనపు అద్దాలు తగిలించండి. కారు లైసెన్స్ ఉన్నవారు 3,500 కిలోల వరకు లాగేందుకు 2021 డిసెంబరు 16 నుంచి బ్రిటన్‌లో వేరే పరీక్ష అక్కర్లేదు. పరీక్ష లేదు కదా అని సాధన మానకండి. ఖాళీ పార్కింగ్ స్థలంలో కోన్లు పెట్టుకుని మలుపులు తిప్పి చూడండి.

ఇంటికి మీ నాన్నో మామయ్యో వచ్చి ఉంటే, టేపు రెండో కొస వాళ్ల చేతికివ్వండి. నాన్న ఒంగోలు వెళ్లిపోయి రెండు నెలలైంది. మా ఇంటి ముందు ఆ సుద్ద గీతలు వానకు చెరిగిపోయాయి. వచ్చే వేసవికి ఆయన వీసా ఏర్పాట్లు మొదలుపెట్టాం. "ఈసారి పొడవు కూడా కొలుద్దాం" అంటున్నారు.