పాత ఫోనునకు క్రొత్త అప్‌డేటు: ఎదురుచూచువారు తెలిసికొనవలసిన విషయములు

గ్రామ పంచాయతి వ్యవహారములలో స్మార్టుఫోను నేడు లెక్కల పుస్తకమువలెనే ఆవశ్యకమైన సాధనమైనది. పనుల ఛాయాచిత్రములు తీయుట, పన్ను చెల్లింపులను సరిచూచుకొనుట, బ్యాంకు సందేశములు చదువుకొనుట, పై అధికారులకు నివేదికలు పంపుట మున్నగునవి దానిమీదనే జరుగుచున్నవి. ఉపాధి హామీ కూలీల హాజరును ఫోను ద్వారా నమోదు చేయు పద్ధతి 2021లో ఆరంభమైనది. వ్యక్తిగత లబ్ధిదారుల పనులు మినహా తక్కిన పనిస్థలములన్నిటికిని 2023 జనవరి 1 నుండి అది తప్పనిసరి చేయబడినది. అంతటితో కూలీల వేతనము మేటు చేతిలోని ఫోనుపై ఆధారపడునట్లయినది.

ఇట్టి పనులకు పలువురు కొన్ని సంవత్సరముల క్రిందట కొన్న ఫోనులనే వాడుచున్నారు. క్రొత్త ఆండ్రాయిడ్ వెలువడినదను వార్త వినినప్పుడెల్ల వారికి మూడు ప్రశ్నలు కలుగుచుండును. అది మన ఫోనునకు ఎప్పుడు వచ్చును? వచ్చినప్పుడు ఏమి చేయవలెను? రాకున్న గతి యేమి? ఈ మూడింటికి సమాధానములను పంచాయతి సభ్యుల ఉపయోగార్థము ఇచ్చట వివరించుచున్నాము.

అప్‌డేటు అనగానేమి?

ఫోనులోని తెర, కెమేరా, బ్యాటరీ, సిమ్ము మున్నగు భాగములన్నిటిచేత పని చేయించు మూల సాఫ్ట్‌వేరునకు ఆపరేటింగ్ సిస్టం అని పేరు. మన దేశములో అధిక సంఖ్యాకుల ఫోనులలో నున్నది ఆండ్రాయిడ్. గూగుల్ సంస్థ సుమారు ఏడాదికొకమారు దీనిని క్రొత్త సంఖ్యతో విడుదల చేయుచున్నది. 2023 అక్టోబరులో ఆండ్రాయిడ్ 14, 2024లో 15, 2025 జూన్‌లో 16 వెలువడినవి. ఇట్లు సంఖ్య మారునది పెద్ద అప్‌డేటు.

రెండవది రక్షణ అప్‌డేటు. దీనివలన తెరపై చెప్పుకోదగిన మార్పు ఏదియు కనబడదు. కాని దొంగలు లోనికి చొరబడుటకు వీలైన కంతలు దీనిచేత పూడ్చబడును. పెద్ద అప్‌డేటు ఇంటికి క్రొత్త గది వేయుట వంటిది. రక్షణ అప్‌డేటు కన్నము పడిన గోడను పూడ్చుట వంటిది. క్రొత్త గది లేకున్నను సంసారము సాగును. గోడకు కన్నముండగా మాత్రము నిశ్చింతగా నిద్రింపజాలము. కావున ఆండ్రాయిడ్ సంఖ్యకంటె రక్షణ అప్‌డేటు తేదీనే ముఖ్యముగా చూచుకొనవలెనని మా సలహా.

మన ఫోనునకు ఎప్పుడు వచ్చును?

ఆనకట్టవద్ద నీరు వదలిన దినముననే చివరి మడికి అందదు. ప్రధాన కాలువ, పిల్ల కాలువ, పంట బోదె దాటి రావలెను. నడుమ ఒక్క తూము మూసికొనిపోయినను దిగువ భూములు ఎండుట తప్పదు. ఆండ్రాయిడ్ విషయమును అట్లే. గూగుల్ విడుదల చేసిన సాఫ్ట్‌వేరును మొదట ఫోనులోని చిప్పును తయారుచేసిన సంస్థ తన చిప్పునకు అనుకూలపరచవలెను. పిమ్మట ఫోను తయారుచేసిన సంస్థ తన నమూనాలన్నిటికిని ఒక్కొక్కదానికి వేర్వేరుగా సరిచేసి పరీక్షింపవలెను. అటుపిమ్మటనే అది మనకు చేరును. క్రొత్తగా అమ్ముడగుచున్న ఖరీదైన ఫోనులకు ముందుగా, పాత ఫోనులకు ఆలస్యముగా అందుట సాధారణము. ఒక్కొక్కప్పుడు అసలే అందదు.

ఇందుకు తార్కాణముగా గెలాక్సీ నెక్సస్ అను ఫోనును పేర్కొనవచ్చును. గూగుల్, శాంసంగ్ సంస్థలు కలిసి 2011 నవంబరులో ఆండ్రాయిడ్ 4తో దానిని వెలువరించినవి. 2013 అక్టోబరు 31న ఆండ్రాయిడ్ 4.4 విడుదలైనప్పుడు, 18 నెలల గడువు దాటినది గనుక ఈ ఫోనునకు దానిని ఇవ్వజాలమని గూగుల్ ప్రకటించినది. సాక్షాత్తు గూగుల్ పేరుమీద వచ్చిన ఫోనునకే రెండేండ్లు నిండకుండ ఈ స్థితి పట్టినది. అందులోని చిప్పును తయారుచేసిన టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ 2012లోనే ఫోను చిప్పుల వ్యాపారము నుండి తొలగుటకు నిశ్చయించుకొన్నది. అనగా నడిమి తూము మూతపడినది.

దీనికి భిన్నమైన ఉదాహరణము కూడ గలదు. నెదర్లాండ్స్ దేశపు ఫెయిర్‌ఫోన్ సంస్థ తన రెండవ ఫోనును 2015 డిసెంబరులో ఆండ్రాయిడ్ 5తో విడుదల చేసినది. దానిలోని చిప్పునకు క్వాల్‌కామ్ సంస్థ ఆండ్రాయిడ్ 6 తరువాత సహాయము నిలిపివేసినది. అయినను ఫెయిర్‌ఫోన్ వారు స్వచ్ఛందముగా పనిచేయు సాఫ్ట్‌వేరు నిపుణుల తోడ్పాటుతో 2018లో ఆండ్రాయిడ్ 7ను, 2021లో ఆండ్రాయిడ్ 9ని, పిమ్మట 10ని ఆ ఫోనునకు అందించిరి. 2023 మార్చి వరకు, అనగా ఏడు సంవత్సరములకు పైగా, దానిని కాపాడిరి. పాతబడినంతమాత్రమున ఫోను పనికిమాలినది కాదనియు, తయారుచేసినవారి పూనికయే ముఖ్యమనియు దీనివలన తెలియుచున్నది.

ఈ ఇబ్బందిని తగ్గించుటకు కొన్ని మార్గములు ఏర్పడినవి. 2017లో ఆండ్రాయిడ్ 8తోపాటు, చిప్పునకు సంబంధించిన భాగమును తక్కిన సాఫ్ట్‌వేరు నుండి వేరుపరచు ఏర్పాటు చేయబడినది. 2019లో ఆండ్రాయిడ్ 10 నుండి కొన్ని భాగములకు గూగుల్ ప్లే ద్వారా నేరుగా అప్‌డేట్లు అందునట్లు చేసిరి. 2023 అక్టోబరులో పిక్సెల్ 8 ఫోనులకు గూగుల్, 2024 జనవరిలో గెలాక్సీ ఎస్ 24 ఫోనులకు శాంసంగ్ ఏడేసి సంవత్సరముల అప్‌డేట్లను వాగ్దానము చేసినవి. ఇవి ఖరీదైన ఫోనులు. తక్కువ ధర ఫోనులకు గడువు సంస్థనుబట్టి, నమూనానుబట్టి మారుచుండును. కావున పంచాయతి కొరకు ఫోను కొనునప్పుడు కెమేరా ఎంత, బ్యాటరీ ఎంత అని అడుగుటతోపాటు, రక్షణ అప్‌డేట్లు ఏ సంవత్సరము వరకు వచ్చునని కూడ విధిగా అడుగవలెను.

రక్షణ తేదీ ఏల ముఖ్యము?

2015 జూలైలో స్టేజ్‌ఫ్రైట్ అను లోపము బయటపడినది. వీడియోతో కూడిన ఒక సందేశమును పంపి, యజమాని దానిని తెరువకుండగనే ఫోనును లోబరచుకొనుటకు ఆ లోపము అవకాశమిచ్చెడిది. మరుసటి నెలనుండియే గూగుల్ సంస్థ నెలనెలా రక్షణ అప్‌డేట్లను వెలువరించుట ఆరంభించినది.

అప్‌డేటు వచ్చినను పెట్టుకొననివారి గతి 2017లో లోకమునకు తెలిసినది. విండోస్ కంప్యూటర్లలోని ఒక లోపమునకు మైక్రోసాఫ్ట్ సంస్థ ఆ సంవత్సరము మార్చిలోనే మందు విడుదల చేసినది. అయినను అనేకులు దానిని పెట్టుకొనలేదు. మే 12న వానాక్రై అను దుష్ట సాఫ్ట్‌వేరు వ్యాపించి, సుమారు 150 దేశములలో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లకు తాళము వేసి, విడుదలకు సొమ్ము కోరినది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లలో కొన్ని కూడ దాని వాత బడినవి. మందు సిద్ధముగా నున్నను మ్రింగనిచో రోగము కుదురదు గదా!

అప్‌డేటు వచ్చినప్పుడు

ముందుగా ఫోనులోని సెట్టింగులలో ‘ఫోన్ పరిచయం’ అను చోట ఆండ్రాయిడ్ సంఖ్యను, రక్షణ అప్‌డేటు తేదీని చూచి వ్రాసికొనవలెను. అప్‌డేటును సెట్టింగులలోని ‘సాఫ్ట్‌వేర్ అప్‌డేట్’ అను చోటనుండి మాత్రమే స్వీకరింపవలెను. వాట్సాప్‌లో గాని, సందేశములలో గాని ‘క్రొత్త ఆండ్రాయిడ్ ఇదిగో’ యని వచ్చు లంకెలను ముట్టరాదు. ఏపీకే అను ఫైళ్లను పంపి, వాటి ద్వారా ఓటీపీలను దొంగిలించి బ్యాంకు ఖాతాలను ఖాళీ చేయు మోసగాండ్రు కలరు. ఎదురుచూచువాని ఆత్రమే వారికి పెట్టుబడి. ఎవరైనను అట్లు మోసపోయినచో తక్షణము 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

పెద్ద అప్‌డేటు పెట్టుకొనుటకు ముందు ఛాయాచిత్రములు, ఫోను నంబర్లు, వాట్సాప్ సంభాషణలు, పనుల కాగితములు వేరొకచోట భద్రపరచవలెను. ఖాళీ స్థలము చాలనిచో పనికిరాని వీడియోలను తొలగింపవలెను. ఫోనును బాగుగా ఛార్జింగు చేసి, వై-ఫై ఉన్నచోట, పని లేని వేళ ఆరంభింపవలెను. హాజరు వేయవలసిన ఉదయముననో, గ్రామసభ జరుగు దినముననో దీనికి పూనుకొనరాదు. ఒకసారి క్రొత్త సంఖ్యకు మారిన పిదప వెనుకకు మరలుట సామాన్యునికి సాధ్యము కాదు. పాత ఫోను నెమ్మదించుటయు, బ్యాటరీ త్వరగా తగ్గుటయు కొన్ని సందర్భములలో సంభవించును. కావున విడుదలైన దినముననే తొందరపడక, అదే నమూనా వాడువారి అనుభవము విని, ఒకటి రెండు వారములు ఆగి పెట్టుకొనుటలో తప్పు లేదు. రక్షణ అప్‌డేటు విషయములో మాత్రము జాగు తగదు.

పంచాయతి ఫోనుల విషయములో మరియొక సంగతి గమనింపదగినది. ఫోనులోని గూగుల్ ఖాతా బదిలీయైపోయిన ఉద్యోగి పేరనే నిలిచియుండవచ్చును. ఏ కారణముచేతనైనను ఫోనును చెరిపి మరల తెరువవలసి వచ్చినచో, అది పూర్వపు ఖాతా వివరములనే అడుగును. ఆ వివరములు లేనిచో ఫోను చేతిలో నున్నను రాయితో సమానము. కావున బాధ్యతలు అప్పగించునాడే తాళపుచెవులు, రికార్డులతోపాటు ఈ ఖాతాను కూడ మార్చుకొనవలెను.

అప్‌డేటు రాకున్న

గడువు ముగిసిన ఫోను మరునాడే ఆగిపోదు. మాటలాడుటకును, ఫొటోలు తీయుటకును, వార్తలు వినుటకును కొంతకాలము పనికివచ్చును. కాని దానికి పడిన క్రొత్త కంతలను పూడ్చువారుండరు. యాప్‌లు కూడ కాలక్రమమున పాత ఆండ్రాయిడ్‌ను విడిచిపెట్టుచుండును. అట్టి ఫోనునుండి మొదట తొలగింపవలసినవి డబ్బు వ్యవహారములు. బ్యాంకు యాప్‌లను, ఓటీపీలు వచ్చు సిమ్మును, పంచాయతి ఖాతాల పాస్‌వర్డులను, రక్షణ అప్‌డేట్లు అందుచున్న వేరొక ఫోనునకు మార్చవలెను. వృద్ధుల పింఛను వివరములు, ఆధార్ ప్రతులు, లబ్ధిదారుల జాబితాలు అందులో నిలువయుంచరాదు. అవి మన సొత్తు కావు. ఊరివారు మనయందుంచిన నమ్మకము. ఆ ఫోనును తీసివేయదలచినప్పుడు లోని సమాచారమును పూర్తిగా చెరిపి, సిమ్మును, మెమరీ కార్డును తీసికొని, ఈ-వ్యర్థములను స్వీకరించు గుర్తింపు పొందిన కేంద్రమునకే ఇయ్యవలెను. చెత్తకుప్పపై వేసి కాల్చుట హానికరము.

ఇందుకు పెద్ద వ్యయము అక్కరలేదు. ప్రతి పంచాయతియు ఒక చిన్న రిజిస్టరు తెరచి, కార్యాలయపు పనికి వాడబడుచున్న ప్రతి ఫోను నమూనా, కొన్న సంవత్సరము, ఆండ్రాయిడ్ సంఖ్య, రక్షణ తేదీ, అప్‌డేట్ల గడువు అను అయిదు వివరములను అందు వ్రాసి, మూడు నెలలకొకమారు సమావేశములో చదివిన చాలును. ఏ ఫోనును నమ్మవచ్చునో, దేనిని డబ్బు పనులనుండి తప్పింపవలెనో, వచ్చే బడ్జెట్టులో దేనికి బదులు కొనవలెనో అప్పుడు అందరికిని స్పష్టమగును. కాలువ నీటికొరకు కాచుకొనియున్న రైతు ఊరక కూర్చుండడు. బోదె పూడిక తీసి, గట్లు సరిచేసికొనియుండును. పంచాయతి సభ్యులు తమ ఫోనుల విషయములోను ఆ రైతు జాగ్రత్తనే అవలంబింతురుగాక.