రంగులు దిద్దే ముందు – ‘రా’ వీడియో సంగతి

నేడు కాలేజీ వార్షికోత్సవమైనా, ఊళ్ళో జాతరైనా కెమెరా లేనిదే జరగడం లేదు. తీసిన బొమ్మకు తరువాత కంప్యూటరు మీద రంగులు దిద్దడాన్ని కలర్ గ్రేడింగ్ అంటారు. “రా ఫార్మాట్‌లో తీసేయ్, తర్వాత ఏదైనా సరిచేసుకోవచ్చు” అనే మాట మిత్రుల నోట తరచు వింటూంటాం. అందులో సగమే నిజం. ఆ సగం ఏమిటో చూద్దాం.

కెమెరా సెన్సరుకు రంగు తెలియదు. దానిపైనున్న లక్షలాది చిన్న గళ్ళు తమ మీద పడిన వెలుతురును కొలుస్తాయి, అంతే. అందుకని ఆ గళ్ళపై రంగు ఫిల్టర్లు అమరుస్తారు. సగం గళ్ళకు ఆకుపచ్చ, పావు వంతుకు ఎరుపు, పావు వంతుకు నీలం. కొడాక్ శాస్త్రజ్ఞుడు బ్రైస్ బేయర్ కనిపెట్టిన ఈ అమరికకు 1976లో పేటెంటు లభించింది. మామూలు వీడియోలో కెమెరాయే ఈ అంకెలను రంగులుగా మార్చి, కుదించి దాస్తుంది. రా వీడియోలో అవి దాదాపు ఉన్నవి ఉన్నట్లే మిగులుతాయి. ఇంట్లో వడ్లుంటే అటుకులైనా చేసుకోవచ్చు, ఉప్పుడు బియ్యమైనా చేసుకోవచ్చు. అన్నం వండేశాక మళ్ళీ వడ్లవుతాయా? తేడా అదన్నమాట.

పాతకాలపు స్టేజి బల్బుల వెలుతురు సుమారు 3200 కెల్విన్లు, పగటి వెలుతురు సుమారు 5600. పగటికి అమర్చిన కెమెరాతో ఆ బల్బుల కింద నాటకం తీస్తే ముఖాలన్నీ నారింజ రంగుకు తిరుగుతాయి. అయితే రాలో వైట్ బ్యాలెన్స్ అనేది ఫైలుకు తగిలించిన చీటీ వంటిది. డావిన్సీ రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేరులో ‘కెమెరా రా’ విభాగం తెరిచి 5600ను 3200 చేస్తే, ఎరుపు, నీలం అంకెలను వేరే గుణకాలతో మళ్ళీ లెక్కగడుతుంది. చాలా రా కెమెరాల్లో ఐఎస్‌ఓ కూడా ఇటువంటి చీటీయే. ఎక్స్‌పోజర్ ఒక స్టాప్ పెంచడమంటే అంకెలను రెట్టింపు చేయడమే. ముందు ఇవి సర్దుకుని, ఆ తర్వాతే కాంట్రాస్టు, రంగుల గాఢత జోలికి పోవాలి.

ఇక మార్చలేనివి. 12-బిట్ నమోదులో అంకెలు 0 నుంచి 4095 దాకా ఉంటాయి. పాత్రధారి తెల్లపంచె మీద లైటు తీక్షణంగా పడి అంకె 4095ను తాకిందంటే, రెట్టింపు వెలుతురు పడినా అదే అంకె. పంచె మడతలన్నీ మాయం. హైలైట్ రికవరీ చేసేది మిగిలిన రంగుల ఆధారంగా ఒక ఊహ మాత్రమే. చీకటి వైపూ ఇంతే. సరళరేఖ పద్ధతిలో నమోదైతే అన్నిటికంటే వెలుగున్న స్టాపుకు 2048 మెట్లు దక్కితే, ఆరో స్టాపుకు దక్కేవి 64. ఆ నీడల్ని బలవంతంగా పైకి లేపితే ఇసుక చల్లినట్లు నాయిస్ తేలుతుంది. తప్పిన ఫోకసునూ, షట్టర్ వేగం వల్ల అలుక్కుపోయిన కదలికనూ ఏ మీటా వెనక్కి తేలేదు.

మరి మార్చగలిగినదంతా మార్చాలా? ఎక్స్‌పోజర్ పెంచి చామనచాయ ముఖాల్ని పాలిపోయేట్లు చేసి, దాన్నే “బాగా వచ్చింది” అనుకునే అలవాటు మనలో ఉంది. ఎండలో నాట్లు వేసిన మనిషి రంగు కెమెరా చేసిన పొరపాటు కాదు, దిద్దడానికి. కాబట్టి షూటింగు మొదట్లో, అదే వెలుతురులో, ఒక బూడిదరంగు కార్డును రెండు క్షణాలు తీసి ఉంచుకోండి. గ్రేడింగులో ఆ కార్డు ఏ రంగు ఛాయా లేకుండా బూడిదగా కనిపించేదాకా వైట్ బ్యాలెన్స్ జరపండి. మనుషుల రంగు మనుషులకే మిగులుతుంది.