ఒక్క ప్రాణమా, ఒక జాతియా?

(జంతు హక్కులకు, వన్యప్రాణి సంరక్షణకు నడుమ గల వివాదం)

డేగ తరుముకొని రాగా ప్రాణభయంతో ఒక పావురం శిబి చక్రవర్తిని శరణు కోరినది. శరణన్న ప్రాణిని విడిచిపెట్టుట ధర్మం కాదని శిబి దానికి అభయమిచ్చినాడు. అప్పుడు డేగ తన పక్షాన వాదించినది. పావురం తనకు ప్రకృతి ఏర్పరచిన ఆహారమనియు, దానిని కాపాడుటయనగా తనను, తన పిల్లలను ఆకలికి బలియిచ్చుటయే యనియు చెప్పినది. శిబి తన మాంసాన్ని కోసి యిచ్చి ఆ చిక్కును విప్పినాడు. మనం ఈ కథ విన్నప్పుడెల్ల రాజు త్యాగాన్ని మెచ్చుకొంటాం గాని డేగ వాదాన్ని తలచుకొనము. ఆ వాదానికి నేటికీ సమాధానం సులభంగా దొరకుట లేదు.

"జంతు ప్రేమికులు", "వన్యప్రాణి సంరక్షకులు" అను రెండు మాటలను మనం ఒకే అర్థంలో వాడుతుంటాం. ఏటా అక్టోబరు 2 నుండి 8 వరకు జరుగు వన్యప్రాణి వారోత్సవాలలో వక్తలు సైతం ఈ రెంటినీ కలిపియే చెబుతారు. కాని గత యాభై ఏండ్లుగా ఈ రెండు వర్గాల వారును న్యాయస్థానాలలో, పత్రికలలో, చివరకు మంత్రివర్గంలో కూడ ఒకరినొకరు ఎదుర్కొనుచున్నారు. ఇరువురిదీ కరుణయే. అయినను ఎందుకీ వైరం? దీనిని వివరించుటయే ఈ వ్యాసం ఉద్దేశం.

రెండు దృష్టులు

1975లో ఆస్ట్రేలియా తత్త్వవేత్త పీటర్ సింగర్ "యానిమల్ లిబరేషన్" అను గ్రంథం ప్రకటించినాడు. బాధను అనుభవింపగల ప్రతి ప్రాణి బాధను మనం లెక్కలోనికి తీసుకొనవలెననియు, అది మన జాతిది కాదను కారణంతో తీసివేయరాదనియు ఆయన సిద్ధాంతం. 1983లో అమెరికా తత్త్వవేత్త టామ్ రీగన్ "ది కేస్ ఫర్ యానిమల్ రైట్స్" అను గ్రంథంలో మరొక అడుగు ముందుకు వేసినాడు. జంతువు తన బ్రతుకును తాను అనుభవించుచున్నది కనుక దానికి స్వతస్సిద్ధమైన విలువ కలదు. ఆ విలువయే దానికి హక్కు నిచ్చును. దానిని మరెవరి మేలు కొరకును సాధనంగా వాడుకొనరాదని ఆయన వాదం.

సంరక్షకుల దృష్టి వేరు. అమెరికా అటవీ శాస్త్రజ్ఞుడు ఆల్డో లియోపోల్డ్ రచించిన "ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్" 1949లో, ఆయన మరణానంతరం, వెలువడినది. నేల, నీరు, చెట్టుచేమ, మృగపక్షులు అన్నియు కలిసి ఒక సమాజమనియు, ఆ సమాజం చెక్కుచెదరకుండ నిలుపుటయే మంచి పని యనియు అందులో ఆయన బోధించినాడు. ఈ దృష్టితో చూచినప్పుడు ఒక్కొక్క జంతువు కన్న ఆ జంతువు చెందిన జాతి, ఆ జాతి నివసించు అడవి ముఖ్యమగును.

ఒకరు చెట్టును చూచుచున్నారు. మరొకరు తోపును చూచుచున్నారు. తోపు బ్రతుకుటకు కొన్ని చెట్లను కొట్టవలసి వచ్చినప్పుడు గాని వీరి భేదం బయటపడదు. 1980లో బేర్డ్ కాలికాట్ అను తత్త్వవేత్త ఈ రెండు మార్గాలు ఒకటి కావని గట్టిగా వాదించినాడు. సమష్టి మేలు కొరకు వ్యక్తిని బలియిచ్చు నీతిని రీగన్ "పర్యావరణ ఫాసిజం" అను కఠినమైన మాటతో నిరసించినాడు. అయితే అదే కాలికాట్ 1988లో తన పట్టు కొంత సడలించి, రెండు పక్షాలకును సయోధ్య సాధ్యమేనని వ్రాయుట గమనింపదగినది.

ఇటలీ ఉడుతలు

సిద్ధాంతం విడిచి అనుభవానికి వద్దాం. 1948లో అమెరికా నుండి తెచ్చిన రెండు జతల బూడిదరంగు ఉడుతలను ఇటలీలో టురిన్ నగరం సమీపాన గల స్టుపినీజీ వద్ద వదలినారు. అవి చూడముచ్చటైనవి, ఎవరికినీ హాని చేయునవిగా కానరావు. కాని అవి వ్యాపించిన చోట ఐరోపాకు చెందిన ఎర్ర ఉడుతకు ఆహారం కరువై, క్రమంగా అది అంతరించును. బ్రిటన్‌లో అప్పటికే ఇట్లు జరిగియున్నది.

1997లో ఇటలీ వన్యప్రాణి శాస్త్రజ్ఞులు రాకోనీజీ అను చోట ప్రయోగాత్మకంగా ఈ ఉడుతలను పట్టి, మత్తుమందు నిచ్చి, బాధ లేకుండ చంపుటకు పూనుకొన్నారు. జంతు హక్కుల సంఘాలు న్యాయస్థానాన్ని ఆశ్రయించినవి. పని ఆగిపోయినది. శాస్త్రజ్ఞులు ముద్దాయిలై నిలువవలసి వచ్చినది. 2000లో అప్పీలుపై వారు నిర్దోషులుగా విడుదలైనారు. కాని ఆ మూడేండ్లలో ఉడుతలు విస్తారంగా వ్యాపించినవి. వాటిని ఆ ప్రాంతం నుండి పూర్తిగా తొలగించు అవకాశం చేజారినది.

ఇచ్చట కరుణ ఏ ప్రాణిని కాపాడినది? ఆనాడు బోనులలో పడవలసిన కొన్ని ఉడుతలను కాపాడినది. మరి ఆ తరువాత ఆకలితో నశించిన ఎర్ర ఉడుతల మాట ఏమి? వాటి పక్షాన ఎవరును న్యాయస్థానానికి పోలేదు. చంపుట కంటికి కనబడును. అంతరించుట కంటికి కనబడదు. ఈ వివాదంలోని కీలకం ఇదే.

స్కాట్లండ్ పాఠం

ఇంతమాత్రాన సంరక్షకులే ఎల్లప్పుడును ఒప్పని తలపరాదు. స్కాట్లండ్‌కు పశ్చిమాన యూయిస్ట్ దీవులు కలవు. 1974లో తోటలలోని నత్తలను తినుటకై అచ్చటికి కొన్ని హెడ్జ్‌హాగులను, అనగా ఒడలెల్ల ముండ్లు గల చిన్న జంతువులను, తీసికొని వచ్చినారు. అవి నత్తలతో తృప్తిపడక, నేలపై గూడు కట్టు పక్షుల గుడ్లను కూడ తినసాగినవి. పక్షుల సంఖ్య తగ్గినది. 2003లో ప్రభుత్వ సంరక్షణ సంస్థ ఆ జంతువులను పట్టి సూదిమందుతో చంపుట ప్రారంభించినది.

వాటిని ప్రధాన భూభాగానికి తరలింపవచ్చును గదా యని జంతు సంక్షేమ సంఘాలు అడిగినవి. తరలించినచో అవి అచ్చట బ్రతుకజాలవని అధికారులు బదులిచ్చినారు. సంఘాల వారు ఆ మాటతో ఊరకుండలేదు. తామే కొన్నింటిని పట్టించి తరలించినారు. తరలించిన జంతువులు బ్రతుకగలవని పరిశీలనలలో తేలినది. 2007లో ఆ సంస్థ చంపుట మాని తరలింపు పద్ధతినే అనుసరించినది. పక్షులకు సాయం ఆగలేదు. హెడ్జ్‌హాగులకు ప్రాణం దక్కినది. అడిగెడువారు లేకున్న ఈ రెండవ మార్గం వెదకుట జరిగియుండెడిది కాదు.

మొదటి కథలో అడ్డుపడుట నష్టం కలిగించినది. రెండవ కథలో అడ్డుపడుట మేలు చేసినది. భేదమెచ్చట? రెండవచోట అడ్డుపడినవారు వద్దనుటతో ఆగక మరొక దారి చూపి, ఆ దారిలో తామే నడచినారు.

మన దేశంలో

మన చట్టాలలోనే ఈ రెండు దృష్టులు పక్కపక్కన నిలిచి ఉన్నవి. 1960 నాటి జంతు హింసా నిరోధక చట్టం ఒక్కొక్క ప్రాణి బాధను గూర్చి మాట్లాడును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం జాతులను, అభయారణ్యాలను గూర్చి మాట్లాడును. ఈ రెండవ చట్టంలోని 62వ విభాగం ప్రకారం కొన్ని జంతువులను కొంత ప్రాంతానికి, కొంత కాలానికి హానికారకమైనవిగా కేంద్ర ప్రభుత్వం ప్రకటింపవచ్చును. 2015 డిసెంబరులో బీహారులోని కొన్ని జిల్లాలలో నీల్గాయిని, మన పల్లెలలో మనుబోతు అని పిలుచు జంతువును, ఇట్లే ప్రకటించినారు. 2016 జూన్‌లో మొకామా ప్రాంతంలో హైదరాబాదు నుండి వెళ్ళిన వేటగాండ్రు రెండు వందలకు పైగా నీల్గాయిలను కాల్చినారు. అప్పటి కేంద్రమంత్రి మేనకా గాంధీ దీనిని బహిరంగంగా ఖండించినారు. పర్యావరణ మంత్రి ప్రకాశ్ జావడేకర్ రాష్ట్రం కోరిన మీదటనే, పంట నష్టపోవు రైతుల కొరకే అనుమతి ఇచ్చినామని సమర్థించుకొన్నారు. ఒకే మంత్రివర్గంలోని ఇద్దరు రెండు ధర్మాల పక్షాన నిలిచినారు. ఆ రైతు కూడ ప్రాణియే యని మాత్రం మరువరాదు.

ఇంకను సమీపానికి వద్దాం. నేటి నంద్యాల జిల్లాలో రోళ్ళపాడు అభయారణ్యం కలదు. బట్టమేక పక్షి కొరకు 1988లో దానిని ఏర్పరచినారు. మగపక్షి సుమారు పదిహేను కిలోల బరువు తూగును. ఎగురగల పక్షులలో మిక్కిలి బరువైన వాటిలో ఇది యొకటి. ఆడపక్షి సాధారణంగా ఏడాదికి ఒకే గుడ్డును, అదియు కటిక నేలపై పెట్టును. ఆ గుడ్డు పోయినచో ఆ ఏటి సంతానం పోయినట్లే. నేడు దేశమంతటను అడవులలో నూట యాభైకి లోపుగానే ఈ పక్షులు మిగిలియున్నవి. వాటిలో అత్యధికం రాజస్థాన్‌లోనే. రోళ్ళపాడులో దాని జాడ దాదాపు కనుమరుగైనది.

దీనికి కారణాలు అనేకం. గడ్డిభూములు సేద్యం క్రిందికి వచ్చినవి. విద్యుత్ తీగలకు తగిలి పక్షులు మరణించుచున్నవి. రోళ్ళపాడులో మరొక విచిత్రం జరిగినది. రక్షణ లభించుటతో అచ్చట కృష్ణజింకలు బాగుగా పెరిగి చుట్టుపట్ల పంటలపై పడినవి. దానితో రైతులకు అభయారణ్యమనిననే విముఖత కలిగినది. ఒక ప్రాణికి చేసిన మేలు మరొక ప్రాణికి కీడైనది.

ఈ జాబితాలో ఊరకుక్క కూడ కలదు. గడ్డిభూములలో తిరుగు కుక్కలు పక్షి గుడ్లను, పిల్లలను, లేడికూనలను తినుచున్నవి. 2001లో వచ్చిన నియమాల ప్రకారం, వాటి స్థానంలో 2023లో వచ్చిన కొత్త నియమాల ప్రకారం, వీధికుక్కలకు సంతాన నిరోధక శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటనే తిరిగి వదలవలెను. విచ్చలవిడిగా చంపుట వలన కుక్కల సంఖ్య నిలకడగా తగ్గదని, అది క్రూరమని జంతు సంక్షేమవాదులు చెప్పుదురు. నగరవీధికి ఈ నియమం తగియుండవచ్చును; కాని అభయారణ్యపు టంచున, ఏడాదికి ఒకే గుడ్డు పెట్టు పక్షి దాపున, కుక్కను తిరిగి వదలుట ఎట్లు కరుణ యగునని సంరక్షకులు ప్రశ్నింతురు. శస్త్రచికిత్స కుక్క సంతానాన్ని ఆపును గాని దాని ఆకలిని ఆపదు గదా!

సయోధ్యకు మార్గం

ఈ వివాదాన్ని ఒక్క సూత్రంతో తేల్చివేయుట సాధ్యం కాదు. అయినను పైన చెప్పిన అనుభవాల నుండి కొన్ని నియమాలు గ్రహింపవచ్చును.

మొదటిది, ఒక ప్రాణిని తొలగింపవలెనని కోరువారు దాని వలన హాని జరుగుచున్నదని ముందుగా రుజువు చేయవలెను. అనుమానం చాలదు.

రెండవది, చంపకుండ సాధించు మార్గమున్నదేమో నిజాయితీతో వెదకవలెను. దక్షిణాఫ్రికాలోని క్రూగర్ జాతీయవనంలో 1967 నుండి 1994 వరకు పధ్నాలుగు వేలకు పైగా ఏనుగులను చంపినారు. ప్రజల నిరసనతో అది ఆగినది. తదుపరి అచ్చటి కృత్రిమ నీటి వనరులలో పెక్కింటిని మూసివేసి ఏనుగుల సంచారాన్ని అదుపు చేయుటకు పూనుకొన్నారు. అదే దేశంలోని మకలాలి అను చోట 2000 నుండి ఆడ ఏనుగులకు సంతాన నిరోధక టీకాలను ప్రయోగించినారు.

మూడవది, వేరు మార్గం లేదని తేలినప్పుడు ఆలస్యం చేయరాదు. ఇటలీలో వలె ఆలస్యమైన కొలది చంపవలసిన ప్రాణుల సంఖ్య పెరుగునే గాని తగ్గదు. పని మాత్రం సాధ్యమైనంత తక్కువ బాధతో జరుగవలెను.

నాల్గవది, ఇది అన్నింటికన్న ముఖ్యమైనది. పై కథలన్నింటిలో మొదటి తప్పు మనిషిదే. ఉడుతను తెచ్చినది మనిషి. హెడ్జ్‌హాగును దీవి దాటించినది మనిషి. గడ్డిభూమిని దున్నినది, తీగలు లాగినది, కుక్కను పెంచి వీధిలో విడిచినది మనిషి. శిక్ష మాత్రం జంతువుకు పడుచున్నది. కనుక జంతువును తొలగించి చేతులు దులుపుకొనుట న్యాయం కాదు. తొలగింపవద్దని చెప్పి చేతులు ముడుచుకొనుటయు న్యాయం కాదు.

పదవ శతాబ్దంలో బస్రా నగరపు పండితులు "ఇఖ్వానుస్సఫా" అను పేర అరబ్బీలో వ్రాసిన రచనలలో ఒక కథ కలదు. మనుష్యులు తమను బానిసలుగా చేసికొన్నారని జంతువులన్నియు జిన్నుల రాజు కొలువులో ఫిర్యాదు చేయును. 1810లో కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాల పక్షాన మౌల్వీ ఇక్రామ్ అలీ దీనిని ఉర్దూలోనికి అనువదించినాడు. మన ఉర్దూ విభాగపు విద్యార్థులకు ఆ పేరు పరిచితమే. నేడు ఆ కొలువు మరల తీరినచో కుక్కయు, బట్టమేక పక్షియు ఒకదానిపై నొకటి ఫిర్యాదు చేసికొనవు. రెండును కలిసి మనవైపే వేలు చూపును.

విద్యార్థి మిత్రులారా! అడవులను రక్షించు అధికారం మన చేతిలో లేదు. కాని మన కళాశాల క్యాంటీను వెనుక పారవేయు ఎంగిలి విస్తళ్ళు మన చేతిలో ఉన్నవి. ఆ కుప్ప ఉన్నంతకాలం కుక్కల సంతతి పెరుగును. ఆవరణలోని పిట్టల గుడ్లు, ఉడుత పిల్లలు వాటి పాలగును. కుక్కలకు ముద్ద వేయు స్నేహితులు వాటికి శస్త్రచికిత్స, టీకా చేయించు బాధ్యతను కూడ స్వీకరింపవలెను. చెత్తను మూతగల తొట్టెలలో ఉంచి ఏ రోజుది ఆ రోజే తరలించు ఏర్పాటును కళాశాల సంఘం వారు చేయవలెనని సవినయంగా కోరుచున్నాను. ఇందుకు కాగల వ్యయం స్వల్పం. ఈ పని జరిగిననాడు మన ఆవరణలో కుక్క పక్షమా, పిట్ట పక్షమా అని వాదించుకొనవలసిన అవసరమే చాలవరకు తొలగిపోవును.