ప్రధానిగారి రంగుల పెట్టె

1915 వేసవి. లండన్‌కి దూరంగా సర్రే ప్రాంతంలోని ఓ పల్లె. అద్దెకు తీసుకున్న పాత ఇంటి తోటలో నలభై ఏళ్ల పెద్దమనిషి ఒకాయన అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. మొహంలో కళ లేదు. కొన్ని వారాల కిందటిదాకా ప్రపంచంలోకెల్లా పెద్ద నౌకాదళం ఆయన కనుసన్నల్లో నడిచింది. ఇప్పుడు చేతిలో చెప్పుకోదగ్గ పనే లేదు.

తోటలో ఓ మూల తమ్ముడి భార్య నీటిరంగులతో బొమ్మ వేసుకుంటోంది. ఆయన ఆగి, కాసేపు అలాగే చూశాడు. అది గమనించిన మరదలు, పిల్లల రంగుల పెట్టె తెచ్చి బావగారి చేతిలో పెట్టింది. మీరూ ఓసారి వేసి చూడండి అంది.

అంతే! ఆ రోజు పట్టుకున్న కుంచెను ఆయన మరో నలభై ఐదేళ్లకు పైగా వదల్లేదు. అయిదొందలకు పైగా బొమ్మలు వేశాడు. ఆయనే విన్‌స్టన్‌ చర్చిల్‌. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్‌ని నడిపించిన ప్రధానిగా అందరికీ తెలిసిన మనిషి. గాంధీజీని 'అర్ధనగ్న ఫకీరు' అని ఈసడించినవాడిగా మన పెద్దవాళ్లకి మరీ బాగా తెలిసిన మనిషి. ఆ చుట్ట పొగ వెనక ఓ ఆదివారం చిత్రకారుడు, తాపీమేస్త్రి, సీతాకోకచిలుకల ప్రేమికుడు కూడా ఉన్నారని మాత్రం చాలామందికి తెలీదు.

ఓటమి నేర్పిన విద్య

మొదటి ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు చర్చిల్‌ బ్రిటన్‌ నౌకాదళ మంత్రి. టర్కీని దెబ్బతీయడానికి డార్డనెల్స్‌ జలసంధి మీద దాడి చేద్దామని గట్టిగా పట్టుబట్టాడు. దాడి ఘోరంగా విఫలమైంది. ఆ తర్వాత గల్లిపోలీలో దిగిన సైనికులు వేల సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. నింద ఆయన నెత్తిన పడింది. 1915 మేలో నౌకాదళ శాఖ చేజారింది. పేరుకి ఒక పదవి మిగిలింది కానీ అధికారం లేదు. యుద్ధం నడుస్తూనే ఉంది, అది ఎటుపోతోందో ఆయనకి తెలుస్తూనే ఉంది, ఏమీ చేయలేడు. ఈ బెంగతోనే మనిషి పోతాడేమోనని భయపడ్డానని భార్య క్లెమెంటీన్‌ తర్వాతెప్పుడో గుర్తుచేసుకుంది.

అలాంటి రోజుల్లో దొరికింది రంగుల పెట్టె. బొమ్మ వేస్తున్నంతసేపూ మరో ఆలోచన రావడం లేదని ఆయనకి అర్థమైంది. భర్త మొహంలో మార్పు చూసిన క్లెమెంటీన్‌ వెంటనే తైలవర్ణాలు, కాన్వాస్‌ తెప్పించి పెట్టింది.

చిక్కుడు గింజంత నీలం

సామాను వచ్చింది. తెల్లటి కాన్వాస్‌ ఎదురుగా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి? ఆకాశం నీలంగా ఉంది కదా అని చిన్న కుంచెతో కాస్తంత నీలం తీసి, భయంభయంగా ఓ చుక్క పెట్టాడు. ఆ చుక్క చిక్కుడు గింజంత ఉంటుందేమో! యుద్ధనౌకలకి ఆజ్ఞలిచ్చిన చెయ్యి అక్కడే ఆగిపోయింది.

సరిగ్గా అప్పుడే ఇంటి ముందు కారు ఆగింది. దిగింది హేజెల్‌ లేవరీ. ప్రసిద్ధ చిత్రకారుడు జాన్‌ లేవరీ భార్య, తనూ చిత్రకారిణే. చర్చిల్‌ తంటాలు చూసి పెద్ద కుంచె అందుకుంది. నూనెలో ముంచి, నీలం, తెలుపు కలిపి, కాన్వాస్‌ మీద బలంగా నాలుగు చరుపులు చరిచింది. బెదిరిపోయిన కాన్వాస్‌ తిరిగి ఏమీ అనలేదు! ఆ తర్వాత తనకెప్పుడూ కాన్వాస్‌ అంటే భయం కలగలేదని ఆయనే రాసుకున్నాడు. ఈ ముచ్చటంతా 1921-22లో 'స్ట్రాండ్‌' పత్రికకు రాసిన వ్యాసాల్లో ఉంది. 1948లో అవే 'పెయింటింగ్‌ యాజ్‌ ఎ పాస్‌టైమ్‌' పేరుతో పుస్తకంగా వచ్చాయి.

అందులో ఆయన చెప్పిన మాట ఒకటి అందరికీ పనికొస్తుంది. అలసిన మెదడుకి ఊరికే కూర్చోబెడితే విశ్రాంతి దొరకదు. పాత ఆలోచనలే గిర్రున తిరుగుతుంటాయి. దానికి వేరే పని ఇవ్వాలి. కాగితాలతో కుస్తీ పట్టేవాళ్లకి పుస్తకం చదవడం కూడా చాలదు, కంటికీ చేతికీ కలిపి పని చెప్పాలి అంటాడాయన. బొమ్మలు మొదలుపెట్టాకే గోడ మీద పడిన నీడలో కూడా ఎన్ని రంగులుంటాయో చూడగలిగానని మురిసిపోతాడు.

గుళ్ల మధ్య గీసిన ఊరు

1916 మొదట్లో చర్చిల్‌ సైనికాధికారిగా బెల్జియం సరిహద్దుకు వెళ్లాడు. సామాన్లతోపాటు రంగుల పెట్టే ప్రయాణమైంది. ఫిరంగి గుళ్లకు ఛిద్రమైన ప్లూగ్‌స్టీర్ట్‌ అనే ఊళ్లో, తీరిక దొరికినప్పుడల్లా ఈజిల్‌ వేసుకుని కూర్చునేవాడు. కమాండర్‌గారు కూలిన గోడల బొమ్మ వేస్తుంటే సైనికులు ఎలా చూసి ఉంటారో ఊహించుకోవచ్చు.

1921లో వలసల మంత్రి హోదాలో కైరో సమావేశానికి వెళ్లినప్పుడూ అంతే. మధ్యప్రాచ్యం సరిహద్దులు తేల్చే పని ఒకపక్క, పిరమిడ్ల బొమ్మలు మరోపక్క! అక్కడే ఒంటె మీంచి జారి పడ్డాడు. గుర్రం ఇస్తామన్నా ఒప్పుకోలేదు. ఒంటె మీద బయల్దేరాను, ఒంటె మీదే వెళ్తానని మళ్లీ ఎక్కాడు.

ఇంతకీ బొమ్మలు బాగుండేవా? ఆ సందేహం ఆయనకీ ఉంది. మంత్రిగారు కదా అని మొహమాటానికి మెచ్చుకునేవాళ్లు బోలెడుమంది. అందుకే 1921లో ప్యారిస్‌లోని ఓ గ్యాలరీలో 'చార్లెస్‌ మోరిన్‌' అనే మారుపేరుతో బొమ్మలు పెట్టాడు. వాటిలో కొన్ని అమ్ముడుపోయాయి కూడా. 1925లో లండన్‌లో ఔత్సాహికుల పోటీ జరిగింది. పేర్లు చెప్పకుండా బొమ్మలు మాత్రమే న్యాయనిర్ణేతల ముందుంచారు. శీతాకాలపు ఎండలో తన ఇంటిని గీసిన చర్చిల్‌ బొమ్మకి మొదటి బహుమతి వచ్చింది. ఇది ఔత్సాహికుడి పని కాదు, ఎవరో వృత్తి కళాకారుడు దొంగచాటుగా పంపాడని న్యాయనిర్ణేతల్లో ఒకాయన అనుమానించాడట. ఇంతకు మించిన మెప్పు ఏముంటుంది!

1947లో మళ్లీ అదే పని. 'డేవిడ్‌ వింటర్‌' పేరుతో రాయల్‌ అకాడమీకి రెండు బొమ్మలు పంపాడు. రెండూ ఎంపికయ్యాయి. అసలు పేరు తెలిశాక, 1948లో అకాడమీ ఆయనకి గౌరవ సభ్యత్వం ఇచ్చింది.

రోజుకి 200 ఇటుకలు

1922లో కెంట్‌ ప్రాంతంలో చార్ట్‌వెల్‌ అనే ఎస్టేటు కొన్నాడు చర్చిల్‌. అక్కడ మరో పిచ్చి పట్టుకుంది... తాపీపని! కూరగాయల తోట చుట్టూ గోడలో చాలా భాగం ఆయన చేతుల మీదుగానే లేచింది. 1928లో ఓ చిన్న ఇల్లు కడుతూ, మరోపక్క పుస్తకం చెబుతూ రాయించాడు. రోజుకి 200 ఇటుకలు, 2000 మాటలు... ఇదీ తన లెక్క అని ప్రధాని బాల్డ్‌విన్‌కి ఉత్తరం రాశాడు. అప్పుడాయన దేశానికి ఆర్థికమంత్రి!

ఆ సరదాలోనే తాపీపనివారి సంఘంలో సభ్యత్వ కార్డూ తీసుకున్నాడు. దాంతో పెద్ద గొడవే అయింది. 1926లో కార్మికుల సార్వత్రిక సమ్మెని అణచడానికి ముందు నిలిచిన మనిషి, ఇప్పుడు మా సంఘంలోకా అని అసలు మేస్త్రిలు మండిపడ్డారు. చివరికి ఆ సభ్యత్వం చెల్లదని సంఘం పెద్దలు తేల్చేశారు. సరదాగా తాపీ పట్టడం వేరు, తాపీతో పొట్టపోసుకోవడం వేరు. వాళ్ల కోపంలో న్యాయం ఉంది మరి.

బెంగళూరు ఎలుక చేసిన పని

ఈ అభిరుచుల్లో ఒకదానికి మన గడ్డ మీదే బలం వచ్చింది. 1896లో ఇరవై ఒక్కేళ్ల కుర్ర సైనికాధికారిగా చర్చిల్‌ బెంగళూరు వచ్చాడు. పొద్దున్నే కవాతు, సాయంత్రం పోలో. మధ్యలో బోలెడంత ఖాళీ. బంగళా తోటలో గులాబీలు పెంచాడు. వల పట్టుకుని సీతాకోకచిలుకల వెంట పరుగులు తీశాడు. 65 రకాలకు పైగా సేకరించి అలమరలో దాచుకున్నాడు. ఓ రోజు తలుపు తీస్తే ఏముంది... ఎలుక దూరి మొత్తం తినేసింది! ఆ ఎలుకను పట్టి, పెంపుడు కుక్కకు అప్పగించి కసి తీర్చుకున్నానని, మళ్లీ మొదటినుంచి సేకరిస్తున్నానని ఇంటికి ఉత్తరం రాశాడు.

అన్నట్టు, బెంగళూరు క్లబ్బుకి ఆయన ఇంకా బాకీ! 1899 నాటి క్లబ్బు పుస్తకంలో వసూలు కాని బాకీల కింద లెఫ్టినెంట్‌ చర్చిల్‌ పేరు, ఎదురుగా 13 రూపాయల పద్దు ఉన్నాయి.

యాభై ఏళ్ల తర్వాత కూడా ఆ మోజు తీరలేదు. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక చార్ట్‌వెల్‌లో సీతాకోకల కోసం ప్రత్యేకంగా చిన్న గదే ఏర్పాటు చేశాడు. ఈసారి పట్టి గుండుసూదులు గుచ్చడానికి కాదు, పెంచి తోటలోకి వదలడానికి.

యుద్ధంలో ఒకే ఒక్క బొమ్మ

రెండో ప్రపంచయుద్ధం జరిగిన ఆరేళ్లలో చర్చిల్‌ వేసిన బొమ్మ ఒక్కటే. 1943 జనవరిలో మొరాకోలోని కాసాబ్లాంకాలో అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌తో సమావేశం ముగిసింది. మర్రకేష్‌లో మంచు కొండల మీద సూర్యాస్తమయం చూడకుండా ఎలా వెళ్తారంటూ చర్చిల్‌ ఆయన్ని వెంటబెట్టుకెళ్లాడు. రూజ్‌వెల్ట్‌ నడవలేరు. సహాయకులు ఆయన్ని చేతుల మీద మోసుకుంటూ బంగళా బురుజు మీదికి చేర్చారు. ఇద్దరూ కలిసి కొండలు ఎర్రబడటం చూశారు. మర్నాడు పొద్దున్నే అధ్యక్షుణ్ని సాగనంపడానికి చర్చిల్‌ రాత్రి వేసుకునే గౌను, మెత్తటి చెప్పులతోనే విమానాశ్రయానికి వెళ్లాడు. తిరిగొచ్చి రంగులు కలిపాడు. కుతుబియా మసీదు మినారు, వెనక అట్లాస్‌ కొండలు. ఆ బొమ్మను రూజ్‌వెల్ట్‌కే కానుకగా పంపాడు. చేతులు మారి చివరికి హాలీవుడ్‌ నటి ఏంజెలినా జోలీ దగ్గరికి చేరిన ఆ బొమ్మ, 2021 మార్చిలో లండన్‌ వేలంలో 82 లక్షల పౌండ్లకు పైగా పలికింది. మన లెక్కలో 80 కోట్ల రూపాయల పైమాటే!

అదే ఏడాది... బెంగాల్‌లో

ఇక్కడితో ఆపేస్తే కథ అందంగానే ఉంటుంది. కానీ మనం చదువుతున్నాం కాబట్టి ఆపకూడదు. ఆ బొమ్మ వేసిన 1943లోనే బెంగాల్‌లో కరవు విరుచుకుపడింది. అంతకుముందు ఏడాది బర్మా జపాన్‌ చేతికి చిక్కి అక్కడి బియ్యం రావడం ఆగిపోయింది. అక్టోబరులో మిడ్నాపూర్‌ని తుపాను ముంచేసింది. యుద్ధం పేరుతో పడవలు లాక్కున్నారు. బియ్యం ధర పేదలకు అందనంత ఎత్తుకు పోయింది. గింజలు పంపండని ఢిల్లీ నుంచి లండన్‌కి మళ్లీ మళ్లీ కబురు వెళ్లింది. అడిగినదాంట్లో చర్చిల్‌ మంత్రివర్గం విదిల్చింది కొంతే. ఓడలు యుద్ధానికి కావాలన్నది జవాబు. 20 లక్షల నుంచి 30 లక్షల మంది చనిపోయారని అంచనా.

అప్పుడు అక్కడా బొమ్మలు వేసినవాళ్లున్నారు. జైనుల్‌ ఆబెదిన్‌ కలకత్తా వీధుల్లో ఎండిన డొక్కల్ని, అన్నం కోసం చాచిన చేతుల్ని చవకరకం కాగితాల మీద నల్లసిరాతో గీశాడు. చిత్తప్రసాద్‌ మిడ్నాపూర్‌ పల్లెల్లో నడుచుకుంటూ వెళ్లి, చూసింది చూసినట్టు బొమ్మలు గీసి, 'హంగ్రీ బెంగాల్‌' అనే పుస్తకం తెచ్చాడు. బ్రిటిష్‌ ప్రభుత్వం ఆ ప్రతుల్ని పట్టుకుని తగలబెట్టించింది.

నీడలోనూ రంగులు వెతికిన ఆ కళ్లకి ఈ మనుషులు ఆనలేదు. రంగుల పెట్టె మనసుకి ఊరట ఇస్తుంది. చూపును పదును చేస్తుంది. కానీ ఎటు చూడాలో అది చెప్పదు. అది మనిషే తేల్చుకోవాలి.

పెట్టె మాత్రం అందరిదీ

1965 జనవరి 24న, తొంభయ్యో ఏట చర్చిల్‌ కన్నుమూశాడు. చివరిదాకా వేసిన బొమ్మల్లో ఎక్కువ భాగం చెట్లు, నీళ్లు, ఎండ. ఆఖరి బొమ్మగా చెప్పేది కూడా చార్ట్‌వెల్‌లో తను రోజూ పక్కన కూర్చుని మేత వేసిన చేపల కొలనే. ఆ తోటలోని స్టూడియో ఇప్పుడు సందర్శకుల కోసం తెరిచే ఉంది. గోడల నిండా బొమ్మలే.

చర్చిల్‌ని మెచ్చుకోవాల్సిన పని మనకి లేదు. కానీ ఆ మరదలు చేసిన పని మాత్రం గుర్తుంచుకోదగ్గది. దిగులుగా తిరుగుతున్న మనిషికి ఆమె ధైర్యవచనాలు చెప్పలేదు, ఉపన్యాసం ఇవ్వలేదు. పిల్లల రంగుల పెట్టె తెచ్చి చేతిలో పెట్టింది.

రిటైరై పొద్దుపోక పేపరు నాలుగోసారి తిరగేస్తున్న నాన్న, పిల్లలు దూరమయ్యాక ఇల్లంతా బోసిపోయిందనుకునే అమ్మ, ఉద్యోగం పోయి ఎవరితోనూ మాట్లాడని అన్నయ్య... ఇలాంటివాళ్లు ఏ ఇంట్లోనైనా ఉండొచ్చు. అటక మీద పిల్లల పాత రంగుల పెట్టె ఉందేమో చూడండి. మొదటి చుక్క చిక్కుడు గింజంతే పడుతుంది. ఫర్వాలేదు. రెండోసారి పెద్ద కుంచె ఇవ్వండి!

కొసమెరుపు

బొమ్మలు వేయడం ఇష్టమే కానీ, తన బొమ్మ వేరొకరు వేస్తే అన్నీ నచ్చాలని లేదు! 1954లో ఎనభయ్యో పుట్టినరోజుకి పార్లమెంటు సభ్యులు ప్రసిద్ధ చిత్రకారుడు గ్రాహం సదర్లాండ్‌తో చర్చిల్‌ చిత్రం వేయించి కానుకగా ఇచ్చారు. అందులో తను ముసలివాడిగా, అలసిపోయినట్టుగా ఉన్నానని ఆయనకి కంటగింపు. ఆ చిత్రం మళ్లీ ఎవరికీ కనిపించలేదు. క్లెమెంటీన్‌ దాన్ని గుట్టుచప్పుడు కాకుండా నాశనం చేయించిందన్న సంగతి 1977లో ఆమె చనిపోయాకే లోకానికి తెలిసింది.