వల అవతల పెలికన్, ఇవతల నేను

నేను తీసిన ఫొటోల్లో ఒకదాన్ని చూసిన ప్రతివాళ్లూ నొచ్చుకుంటారు. బల్ల మీద పెలికన్. దాని రెక్కలు కదలకుండా ఒంటికి అదుముకుని పట్టుకున్న మనిషి. ముక్కు పై భాగానికీ కింది భాగానికీ మధ్య అడ్డం పెట్టిన వేలు. "పాపం, నోరు బలవంతాన తెరుస్తున్నారేంటి?" అంటారు. నిజానికి ఆ వేలు తీసి ముక్కు నొక్కి పట్టుకుంటే పిట్టకు ఊపిరాడదు. పెలికన్ ముక్కుకు బయటికి తెరుచుకునే రంధ్రాలు ఉండవు, నోటితోనే గాలి పీలుస్తుంది. ఆ వేలు దాని ప్రాణానికి కాపలా.

నేను ఫొటోలు తీసేది ఉత్తర కాలిఫోర్నియాలో, ఫెయిర్‌ఫీల్డ్ దగ్గరున్న ఇంటర్నేషనల్ బర్డ్ రెస్క్యూ కేంద్రంలో. వారమంతా ఆఫీసులో కోడింగు, సెలవు రోజున ఇక్కడ వాలంటీరు పని. చేప కంపుతో తిరిగొస్తే మా ఆయన నన్ను గరాజ్‌లోనే ఆపేస్తాడు. మాది సూళ్లూరుపేట, నేలపట్టు పక్షుల కేంద్రం దగ్గరే. "నేలపట్టు పిట్టల్ని చూద్దాం రామ్మా అంటే ఎండ అంటివి. అమెరికా పోయి వాటికి చాకిరీ చేస్తుండావా?" అని మా అమ్మ ఫోన్‌లో దెప్పుతూ ఉంటుంది.

ఈ సంస్థ పుట్టింది ఒక ప్రమాదం నుంచి. 1971 జనవరిలో గోల్డెన్ గేట్ వంతెన దగ్గర పొగమంచులో రెండు చమురు ఓడలు గుద్దుకున్నాయి. జనం ఒడ్డున దొరికిన, చమురంటిన పిట్టల్ని, దాదాపు 7,000 దాకా, ఏరుకొచ్చారు. వాటిలో బతికి బయటపడినవి 300 మాత్రమే. అప్పటికి చమురంటిన పిట్టను ఎలా కడగాలో సరిగ్గా తెలిసినవాళ్లు లేరు. ఆలిస్ బెర్క్‌నర్ అనే నర్సు ముందుండి, అదే ఏడాది ఈ సంస్థను మొదలుపెట్టారు. ఏ సబ్బు వాడాలో తేలడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. 1978 నుంచి వాడుతున్నది అంట్లు తోమే డాన్ లిక్విడే.

పిట్ట ఈకలు పెంకుటింటి కప్పులాంటివి. ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటేనే నీళ్లు లోపలికి దిగవు. చమురు ఆ అమరికను చెదరగొడుతుంది. చన్నీళ్లు ఒంటికి తగులుతాయి, పిట్ట వణుకుతుంది, ముక్కుతో ఈకలు సర్దుకోబోయి చమురు మింగుతుంది. అయినా తెచ్చిన వెంటనే కడగరు. ముందు వెచ్చగా ఉంచి, నీళ్లూ ఆహారమూ పట్టించి, కడుగుడు తట్టుకునే ఓపిక వచ్చాకే తొట్టి దగ్గరికి తీసుకెళ్తారు.

ఇక నా పని. చాలామంది అనుకునేది, ఇక్కడైతే పిట్ట ఎటూ పోదు, ఎంత దగ్గరికైనా వెళ్లొచ్చు అని. ఎటూ పోలేదు కాబట్టే వెళ్లకూడదు. బయట అయితే భయమేసినప్పుడు ఎగిరిపోతుంది. ఇక్కడ ఆ భయమంతా లోపలే దాచుకోవాలి. దాని లెక్కలో మనిషి వేటాడే జంతువే. జబ్బు పిట్టకు ఆ బెదురు ఒక్కటి చాలు, ప్రాణం మీదికి రావడానికి. అందుకే ఫ్లాష్ వాడను, షటర్ చప్పుడు ఆపేస్తాను, మాట్లాడను, నేరుగా కళ్లలోకి చూడను. దగ్గరి ఫొటోలు అన్నీ దూరం నుంచి పెద్ద లెన్స్‌తో తీసినవే, లేదా చికిత్స కోసం వాళ్లు ఎలాగూ పట్టుకున్న ఆ కాసేపట్లో తీసినవి. ఫొటో కోసం ఇంకో నిమిషం పట్టుకోండి అని అడగడం నాకు ఇష్టం లేదు.

పెద్ద పంజరంలో ఎగిరేవాటిని తీయాలంటే వల అడ్డం. లెన్స్‌ను వలకు దాదాపు ఆనించి, అపర్చర్ బాగా తెరిచి, నా వైపు వల మీద ఎండ పడని చోటు వెతుక్కుంటే తీగలు మాయమవుతాయి. ఎదిగిన పెలికన్‌కు తల తెలుపు, ఒళ్లు ముదురు. కెమెరాను దాని మానాన వదిలేస్తే ఒంటిని చూసి వెలుతురు పెంచేస్తుంది, తల సున్నం కొట్టినట్టు తేలిపోతుంది. కొంచెం తగ్గించి తీయాలి.

గోడకు తగిలించుకునే ఫొటోలు ఇవి. డాక్టర్లకు పనికొచ్చేవి వేరే, అందవికారంగా ఉంటాయి: గాలపు తీగ కోసుకుపోయిన రెక్క, చిరిగి కుట్లు పడ్డ గొంతు సంచి, పాదం అడుగున పుండు. పుండు పోయిన వారం కంటే తగ్గిందా లేదా అన్నది రెండు ఫొటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. నాకు ఇవే ఎక్కువ ఇష్టం, ఎవరూ లైక్ కొట్టకపోయినా.

నేలపట్టులో నీటి కడప చెట్ల మీద గూళ్లు కట్టే మన గూడబాతులు ఈదుతూ, ముక్కు ముంచి చేపల్ని తోడుకుంటాయి. కాలిఫోర్నియా గోధుమ రంగు పెలికన్ అలా కాదు, అరవై అడుగుల ఎత్తు నుంచి కూడా తల ముందుకు పెట్టి సముద్రంలోకి దూకుతుంది. పై నుంచి చేప కనబడితేనే దానికి కూడు. 2024 వసంతంలో ఎముకల గూళ్లలా మారిన పెలికన్లు వందల్లో ఈ రాష్ట్రపు కేంద్రాలకు చేరాయి. సముద్రంలో చేపలు లేక కాదు. ఈదురుగాలులకు నీళ్లు కలగుండు పడి, చేపలు వాటికి అందలేదన్నది నిపుణుల అంచనా.

ఈ జాతి ఒకసారి అంతరించే అంచుదాకా వెళ్లొచ్చింది. డీడీటీ అనే పురుగుమందు వల్ల గుడ్డు పెంకు పలచబడి, పొదగడానికి కూర్చున్న తల్లి బరువుకే చిట్లిపోయేది. 1970లో కాలిఫోర్నియా తీరాన ఉన్న అనకాపా దీవిలో వందల గూళ్లకు ఒకే ఒక్క పిల్ల దక్కింది. 1972లో అమెరికా డీడీటీని నిషేధించింది. 2009లో పెలికన్ పేరును ఆపదలో ఉన్న జాతుల జాబితా నుంచి తీసేశారు.

కోలుకున్న పెలికన్లను వదిలేముందు కాలికి నీలి రంగు ప్లాస్టిక్ పట్టీ వేస్తారు. దాని మీద తెల్లగా అక్షరం, అంకెలు. రేవులో చేపలు పట్టేవాళ్లు, షికారుకొచ్చినవాళ్లు ఆ నంబరు చూసి తెలియజేస్తే, కుట్లు వేసి పంపిన పిట్ట ఏళ్ల తర్వాత ఎక్కడ తిరుగుతోందో తెలుస్తుంది. మీరు కాలిఫోర్నియా తీరానికి వెళ్తే నా తరఫున ఒక్క మనవి: ముక్కు చూసి మురిసిపోయి కాళ్లు కత్తిరించకండి. ఫ్రేములో కాళ్లు ఉండాలి, నంబరు చదవగలిగేటంత స్పష్టంగా.