అర్థం పదంలో ఉందా, వాక్యంలో ఉందా?
కుమారిల, ప్రభాకరుల వాదం

భారతీయ దార్శనికులలో పలువురు శబ్దాన్ని ఒక ప్రమాణంగా ఎందుకు అంగీకరించారో గత పాఠంలో చదివారు. నమ్మదగిన వ్యక్తి మాట వల్ల మనకు తెలియని విషయం తెలుస్తుంది. అయితే ఆ మాట విషయాన్ని ఎలా తెలియజేస్తుంది? నోట పుట్టి క్షణంలో పోయే ధ్వనికి, కాగితం మీద సిరా గీతకు, ఒక ఆవునో ఒక ఆజ్ఞనో మన మనసులోకి తెచ్చే శక్తి ఎక్కడిది? ఈ పాఠంలో మనం చూడబోయేది ఈ ప్రశ్ననే.

ఇది పండితులు పొద్దుపోక వేసుకున్న ప్రశ్న అనుకోకండి. 'పిండం' అనే మాట తీసుకోండి. దానికి శరీరం అనే అర్థం ఉంది. పితృకర్మలలో పెట్టే అన్నపు ముద్ద అనే అర్థమూ ఉంది. చనిపోయిన వ్యక్తి ఆస్తి సపిండులకు, అంటే ఒకే పిండంతో సంబంధం గలవారికి, చెందుతుందని ధర్మశాస్త్ర సంప్రదాయం. ఏ పిండం? యాజ్ఞవల్క్య స్మృతికి 'మితాక్షర' వ్యాఖ్యానం రాసిన విజ్ఞానేశ్వరుడు శరీరం అన్నాడు. కాబట్టి సపిండులంటే రక్తసంబంధీకులు. 'దాయభాగం' రాసిన జీమూతవాహనుడు అన్నపు ముద్ద అన్నాడు. కాబట్టి సపిండులంటే పిండప్రదానంతో ముడిపడినవారు. బెంగాల్ ప్రాంతం జీమూతవాహనుణ్ణి అనుసరించింది. తెలుగు ప్రాంతంతో సహా దేశంలో ఎక్కువ భాగం మితాక్షరను అనుసరించింది.

దీని ఫలితం మేనల్లుడి విషయంలో స్పష్టంగా కనిపిస్తుంది. మేనల్లుడు తన మాతామహుడికి, అంటే చనిపోయిన మేనమామ తండ్రికి, పిండం పెడతాడు. అందుకని బెంగాల్‌లో అతడికి వారసులలో మంచి స్థానమే దొరికింది. మన ప్రాంతంలో అతడు వేరే గోత్రం వాడు. సగోత్రులైన దాయాదులందరూ అయిపోయాకే అతడి వంతు. 1929లో కొత్త చట్టం వచ్చేవరకు పరిస్థితి ఇదే. ఒక్క మాటకు ఏ అర్థం చెబుతామన్న దానిపై పొలం ఎవరి చేతికి వెళుతుందో ఆధారపడింది.

ఇలాంటి చోట 'మీ ఉద్దేశం ఏమిటి?' అని స్మృతికర్తను అడగలేం. ఆయన లేడు, గ్రంథం ఉంది. మీమాంసకులది ఇంకా కఠినమైన పరిస్థితి. వారి దృష్టిలో వేదం అపౌరుషేయం. దానికి కర్తే లేడు. అడగడానికి మనిషి ఒకప్పుడు కూడా లేడన్నమాట. అందువల్ల వక్త ఉద్దేశాన్ని పక్కన పెట్టి, మాటలు తమంతట తామే అర్థాన్ని ఎలా మోస్తాయో వారు వివరించి తీరవలసి వచ్చింది. యజ్ఞం ఎలా చేయాలో వాక్యమే చెప్పాలి, అదీ పొరపాటుకు తావులేకుండా చెప్పాలి. శబ్దార్థ విచారణ మీమాంసలో అంత లోతుగా సాగడానికి ప్రధాన కారణం ఇదేనని చెప్పవచ్చు.

పసివాడు, ఆవు

మాటలు రాని పసివాడికి మాటల అర్థం ఎలా తెలుస్తుంది? నిఘంటువు ఇవ్వలేం. నిఘంటువు చదవాలంటే ముందే మాటలు రావాలి. మీమాంసకులు దీనికి ఒక చక్కని ఉదాహరణ ఇస్తారు. ఇంట్లో పెద్దాయన ఒక యువకుడితో 'ఆవును తీసుకురా' అంటాడు. యువకుడు వెళ్లి ఆవును తెస్తాడు. పసివాడు మూలన కూర్చుని చూస్తున్నాడు. ఆ ధ్వనికి, ఈ పనికి ఏదో సంబంధం ఉందని గ్రహిస్తాడు. ఏ ముక్క దేన్ని చెబుతుందో ఇంకా తెలియదు. మరోసారి పెద్దాయన 'ఆవును కట్టెయ్' అంటాడు. ఇప్పుడు ఆవు అదే, పని మారింది. ఇంకోసారి 'గుర్రాన్ని తీసుకురా' అంటాడు. పని మొదటిదే, జంతువు మారింది. ఒక మాట చేరినప్పుడు ఏది వచ్చింది, ఒక మాట పోయినప్పుడు ఏది పోయింది అని పోల్చుకుంటూ పసివాడు ఒక్కో పదాన్నీ విడదీస్తాడు. ఈ చేర్చడాన్ని ఆవాపం అనీ, తీసివేయడాన్ని ఉద్వాపం అనీ అంటారు.

ఇదే ప్రశ్నకు పాశ్చాత్య తత్త్వంలో సెయింట్ అగస్టీన్ తన 'కన్ఫెషన్స్'లో వేరే చిత్రం గీశాడు. పెద్దలు ఒక వస్తువు పేరు పలికి దాని వైపు కదిలేవారనీ, అలా ఏ పేరు ఏ వస్తువుదో తాను తెలుసుకున్నాననీ ఆయన రాశాడు. 1953లో వెలువడిన విట్‌గెన్‌స్టైన్ 'ఫిలసాఫికల్ ఇన్వెస్టిగేషన్స్' ఈ చిత్రాన్ని ప్రశ్నిస్తూనే మొదలవుతుంది. వేలుపెట్టి 'ఇది ఆవు' అని చూపిస్తే, పిల్లవాడు దేన్ని ఆవు అనుకోవాలి? తెల్లరంగునా, కొమ్మునా, నిలబడి ఉండటాన్నా? 'ఐదు' అనే మాటకు వేలుపెట్టి దేన్ని చూపిస్తాం? మీమాంసకుల పసివాడికి ఈ చిక్కు చాలావరకు తగ్గుతుంది. అతడు వినేది పేరును కాదు, ఒక ఆజ్ఞను. చూసేది వస్తువును కాదు, జరిగిన పనిని. నా దృష్టిలో రెండింటిలో ఇది మెరుగైన చిత్రం.

ఇంతవరకు కుమారిల భట్టుకు, ప్రభాకర మిశ్రుడికి పేచీ లేదు. ఇద్దరూ సుమారు ఏడో శతాబ్దానికి చెందిన మీమాంసకులు. పదాలు కలిసి వాక్యం కావడానికి కావలసిన నియమాలను కూడా రెండు సంప్రదాయాలూ అంగీకరిస్తాయి. ఒక పదం మరో పదాన్ని కోరాలి, ఇది ఆకాంక్ష. 'ఆవు, గుర్రం, మనిషి, ఏనుగు' అని వరుసగా పలికితే జాబితా అవుతుంది గాని వాక్యం కాదు. అర్థాలు ఒకదానికొకటి పొసగాలి, ఇది యోగ్యత. 'నిప్పుతో మొక్కలు తడిపాడు' అంటే పొసగదు. మాటలు దగ్గర దగ్గరగా రావాలి, ఇది సన్నిధి. పొద్దున 'ఆవును' అని, సాయంత్రం 'తీసుకురా' అంటే ఎవరికీ ఏమీ తెలియదు.

పేచీ అంతా తర్వాతి మెట్టు దగ్గరే. పసివాడికి మొదట అందింది మొత్తం వాక్యం. దాన్ని విడదీసి అతడు పదాలను తెలుసుకున్నాడు. అలా విడివడిన పదం తన అర్థాన్ని ఒంటరిగా చెబుతుందా, లేక ఎప్పుడూ మరొకదానితో జతపడిన అర్థాన్నే చెబుతుందా?

కుమారిలుడి పక్షం: అభిహితాన్వయం

ముందు పదాలు తమ తమ అర్థాలను విడివిడిగా చెబుతాయనీ, అలా చెప్పబడిన అర్థాలు ఆ తర్వాత కలుస్తాయనీ కుమారిలుడి మతం. చెప్పబడినవాటి కలయిక కాబట్టి దీనికి అభిహితాన్వయవాదం అని పేరు.

కలిపేది ఎవరు? పదాలు కావు, అర్థాలే అంటాడు కుమారిలుడు. దీనికి ఆయన చూపే ఉదాహరణ ఆసక్తికరమైనది. దూరాన ఏదో తెల్లని ఆకారం కనిపించింది. సకిలింపు వినిపించింది. గిట్టల చప్పుడు వినిపించింది. ఎవరూ నోరు మెదపలేదు. అయినా 'తెల్ల గుర్రం పరుగెడుతోంది' అని మీకు తెలిసిపోయింది. తెలుపు, గుర్రం, పరుగు అనే మూడు సంగతులు అందితే చాలు, అవి వాటంతట అవే ఒక్కటిగా అతుక్కున్నాయి. పదాల పని ఆ సంగతులను అందించడంతోనే సరి. వాక్యార్థం లక్షణ వల్ల వస్తుందని భాట్టులు అంటారు. లక్షణ అంటే మాట తన అర్థం ద్వారా దానికి సంబంధించిన మరో అర్థాన్ని చేరడం. రోడ్డు పక్క నిలబడి 'ఆటో, ఇటు రా' అని పిలిచినప్పుడు మీ పిలుపు బండికి కాక డ్రైవరుకు చేరుతుంది కదా, అది లక్షణ. అలాగే విడి అర్థాలు తమ కలయికను సూచిస్తాయని భాట్టుల వివరణ.

ఈ పక్షానికి పెద్ద బలం కొత్త వాక్యాలు. 'నీలిరంగు ఏనుగు గుంటూరు బస్టాండులో టికెట్టు కొంది.' ఈ వాక్యం మీరు ఇంతకుముందు విని ఉండరు. అయినా చదవగానే అర్థమైంది. విడి పదాల అర్థాలు ముందే మీ దగ్గర లేకపోతే ఇది ఎలా సాధ్యం?

ప్రభాకరుడి పక్షం: అన్వితాభిధానం

ప్రభాకరుడు మళ్లీ పసివాడి దగ్గరకే తీసుకువెళతాడు. ఆ పిల్లవాడు ఏనాడైనా ఒంటరి ఆవును, ఏ పనితోనూ సంబంధం లేని ఆవును, మాట ద్వారా తెలుసుకున్నాడా? తేవలసిన ఆవు, కట్టవలసిన ఆవు, ఇలా ఎప్పుడూ ఏదో పనితో జతపడిన ఆవునే తెలుసుకున్నాడు. కాబట్టి పదం చెప్పేది అన్వితమైన, అంటే ఇతరంతో కలిసి ఉన్న, అర్థాన్నే. ఇదే అన్వితాభిధానవాదం.

సంస్కృత ఉదాహరణలు వదిలి మన భాషలో దీన్ని పరీక్షించి చూడండి. 'కొట్టు' అంటే ఏమిటి? దొంగను కొట్టారు, చెట్టు కొట్టారు, డప్పు కొట్టారు, ఈత కొట్టారు, సినిమా బోరు కొట్టింది, ఎండకు రంగు వెలిసి బట్ట తెల్లగా కొడుతోంది. వీటన్నిటికీ ఉమ్మడిగా ఒక విడి అర్థం చెప్పమంటే చెప్పగలమా? పక్కన ఏ పదం ఉందో చూడనిదే 'కొట్టు' దేన్నీ తేల్చి చెప్పదు. ఇంకో రకం కూడా ఉంది. వడ్లు దంచుతాం, పిండి విసురుతాం, పప్పు రుబ్బుతాం, పచ్చడి నూరుతాం. 'రుబ్బు' అనగానే రోలు, నానిన పప్పు మనసులో మెదులుతాయి. 'తోలుకురా' అనగానే నాలుగు కాళ్ల జీవమేదో రావాలి. అతిథులను ఎవరూ తోలుకురారు. ఈ క్రియలు తమ కర్మను చంకన పెట్టుకునే వస్తాయి. ఇవి ప్రభాకరుడికి దొరికి ఉంటే తప్పక వాడుకునేవాడు.

కుమారిలుడి అనుయాయులు ఊరుకోలేదు. 'ఆవు' అనే పదం 'తీసుకురా'తో కలిసిన అర్థాన్ని చెప్పాలంటే ముందు 'తీసుకురా' అర్థం తెలియాలి. అది 'ఆవు'తో కలిసిన అర్థాన్నే చెబుతుందంటే దానికి ముందు 'ఆవు' అర్థం తెలియాలి. ఒకదాని మీద మరొకటి ఆధారపడితే రెండూ నిలవవు. ఇది అన్యోన్యాశ్రయ దోషం. ప్రభాకరుడి మతాన్ని సమర్థించిన శాలికనాథ మిశ్రుడు దీనికి సమాధానం ఇచ్చాడు. పదం వినగానే ముందు దాని విడి అర్థం గుర్తుకు మాత్రమే వస్తుంది. పదాలన్నీ విన్న తర్వాత ప్రతి పదం కలయికతో కూడిన అర్థాన్ని చెబుతుంది. గుర్తుకు రావడం వేరు, చెప్పడం వేరు అని ఆయన భేదం. విడి అర్థాన్ని ఏదో రూపంలో ఒప్పుకున్నట్లే కదా అని మీకు అనిపించవచ్చు. ఆ అనుమానం సమంజసమే. అయితే కుమారిలుడి తెల్ల గుర్రంలోనూ బలహీనత ఉంది. అక్కడ మూడు సంగతులను కలిపినది మన ఊహ. ఊహ తప్పవచ్చు, సకిలించింది ఒకటి, కనిపించింది మరొకటి కావచ్చు. వాక్యార్థం కూడా అంతేనా? అంతే అయితే శబ్దం వేరే ప్రమాణమని చెప్పడం కష్టమవుతుంది.

ఈ రెండు వైపుల లాగుడు భారతదేశానికే పరిమితం కాదు. జర్మన్ తార్కికుడు గాట్లోబ్ ఫ్రేగె 1884లో ప్రచురించిన అంకగణిత మూలాల గ్రంథంలో, పదం అర్థాన్ని విడిగా అడగరాదనీ, వాక్యంలో ఉంచే అడగాలనీ నియమం పెట్టుకున్నాడు. అదే ఫ్రేగె 1923 నాటి వ్యాసంలో, కొద్దిపాటి అక్షర సముదాయాలతో భాష లెక్కలేనన్ని భావాలను చెప్పగలగడం చూసి ఆశ్చర్యపోయి, భావానికీ వాక్యంలాగే భాగాలు ఉండటమే దానికి కారణమన్నాడు. మొదటి మాట ప్రభాకరుడు అనదగినది, రెండోది కుమారిలుడు అనదగినది. ఇక 'వాక్యపదీయం' రాసిన భర్తృహరి వీరిద్దరికంటే ముందే, వాక్యం విడదీయరానిదనీ పదాలు వ్యాకరణం కోసం మనం చేసుకున్న విభాగాలేననీ అన్నాడు. ఆయన స్ఫోటవాదాన్ని తర్వాతి పాఠంలో వివరంగా చూస్తారు.

మళ్లీ సపిండులు

వారసత్వం విషయంలో సపిండ పదం తెచ్చిన చిక్కును 1956 నాటి హిందూ వారసత్వ చట్టం చాలావరకు తప్పించింది. దగ్గరి వారసులు ఎవరెవరో పేరుపేరునా పట్టికలో రాసేసింది. పెళ్లి విషయంలో మాత్రం 1955 నాటి హిందూ వివాహ చట్టం ఆ పాత మాటనే ఉంచి, కొత్తగా నిర్వచించింది. తల్లి వైపు మూడు తరాలు, తండ్రి వైపు ఐదు తరాలు, వ్యక్తిని కూడా కలుపుకుని లెక్క. ఆ లెక్కన మేనమామ కూతురు సపిండే అవుతుంది. అబ్బాయికి తల్లి వైపు మూడో తరంలో ఉన్న తాత, అమ్మాయికి తండ్రి వైపు మూడో తరంలో ఉన్న తాత ఒక్కరే. సపిండుల మధ్య పెళ్లి చెల్లదు. మరి మన ఇళ్లలో తరతరాలుగా జరుగుతున్న మేనరికాల మాటేమిటి? వాటిని కాపాడేది అదే నిబంధనలోని మరో ముక్క: ఇరుపక్షాలకూ వర్తించే ఆచారం అనుమతిస్తే తప్ప, అని. నిర్వచనం దగ్గరే ఆగిపోయిన పాఠకుడికి మేనరికం నిషిద్ధంగా కనిపిస్తుంది. వాక్యం చివరిదాకా చదివినవాడికి అది చెల్లుబాటైన పెళ్లి.

అభ్యాసం: పై నిబంధనలో 'సపిండులు' అనే పదం తన అర్థాన్ని ముందే పూర్తిగా చెప్పేసి, మినహాయింపు తర్వాత వచ్చి కలిసిందా? లేక మినహాయింపుతో కలిసే ఆ పదం మొదటి నుంచీ అర్థమివ్వాలా? కుమారిలుడు, ప్రభాకరుడు చెప్పగల సమాధానాలను ఒక్కో పేరాలో రాయండి. రాసేటప్పుడు శాలికనాథుడు చేసిన భేదాన్ని, అంటే గుర్తుకు రావడానికీ చెప్పడానికీ మధ్య ఉన్న తేడాను, ఉపయోగించండి.