చలి పొద్దున వరుసలో నిలబెట్టకండి!

ఎండలకు పేరుపడ్డ కర్నూలు, కడప జిల్లాల్లో ధనుర్మాసపు పొద్దున చిన్నబడి పిల్లలు డ్రిల్లు వరుసలో వణకడం చూశారా? మబ్బులేని పొడి రాత్రుల్లో నేల పగటి వేడిని త్వరత్వరగా వదిలేస్తుంది. ఆ చలి మీకంటే వాళ్లకే ఎక్కువ. ఎందుకంటారా? చిన్న గిన్నెలో పాలు పెద్ద గిన్నెలోని పాలకంటే ముందు చల్లారవూ? చిన్న ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం ఎక్కువ. వేడి త్వరగా పోతుంది.

వణుకంటే కండరాలు వేడి పుట్టించుకోవడమే. పరుగెత్తినా అంతే. కండరాలు ఖర్చుచేసే శక్తిలో సుమారు నాలుగోవంతే పనిగా మారుతుంది, మిగిలిందంతా వేడే! అలాంటప్పుడు పసివాళ్లను కదలనీయకుండా నిలబెట్టడం అన్యాయం కాదూ? ఆటలు ఆడించే పని మీకు అప్పగిస్తే ముందు మెల్లగా పరుగెత్తించండి. ఒళ్లు వెచ్చబడ్డాకే చెడుగుడు. చల్లని కండరం ఇట్టే పట్టేస్తుంది. దప్పిక లేదన్నా మధ్యలో నీళ్లు తాగించండి. పొడిగాలిలో చెమట కనబడకుండానే ఆరిపోతుంది.